ఆ మాట వచ్చినప్పుడు తరగతి ఎటు చూస్తుంది?

(మా పేట చదువుల గదిలో జరిగిన ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 ఈ రోజు మన పొరుగు వీధుల నుంచి ఇతర మతాల మిత్రులు కూడా కొందరు వచ్చారు. 

స్కాలర్‌షిప్ దరఖాస్తుల గురించి మాట్లాడవలసిందిగా నిర్వాహకులు మమ్మల్ని కోరారు. ఆ పని చివరి పది నిమిషాలలో ముగించవచ్చు. అంతకు ముందు ఒక అర్జీ సంగతి తేల్చవలసి ఉన్నది.

మూడు వారాల క్రితం ముగ్గురు తండ్రులు, ఒక తల్లి మా ఇంటికి వచ్చారు. వారి పిల్లలు చదివే పాఠశాలలో అదనపు పఠనం కింద ఒక పాత కథ చెబుతున్నారు. ఆ కథలో మన వారిని 'తురక' అని, ఆ మాటకు ముందు మరొక విశేషణం తగిలించి ఒక పాత్ర తిడుతుంది. ఆ కథను తొలగించాలని పాఠశాలకు ఒక అర్జీ రాసిపెట్టమని వారి కోరిక. ముప్ఫై నాలుగేళ్ళు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పని చేసిన వాళ్ళం కనుక పేటలోని అర్జీలన్నీ మా బల్ల మీదికే వస్తాయి. సరేనని చిత్తుప్రతి మొదలుపెట్టాము. మూడో వాక్యం దగ్గర కలం ఆగిపోయింది. ఎందుకు ఆగిపోయిందో చెప్పాలంటే మిమ్మల్ని కొంతసేపు అమెరికాకు తీసుకువెళ్ళవలసి వస్తుంది.

మా మనవరాలు అక్కడ తొమ్మిదో తరగతి చదువుతున్నది. హార్పర్ లీ రాసిన 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' వారికి పాఠ్యపుస్తకం. 1960లో వచ్చిన నవల, మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి పొందినది. అలబామా రాష్ట్రంలో 1930ల నాటి కథ. చేయని నేరానికి ఒక నల్లజాతి యువకుణ్ణి బోనులో నిలబెడతారు. అటికస్ ఫించ్ అనే తెల్లజాతి న్యాయవాది అతని తరఫున వాదిస్తాడు. అబద్ధమని అందరికీ తెలిసినా జ్యూరీ అతణ్ణి దోషిగానే తేలుస్తుంది. అన్యాయాన్ని ఎండగట్టే నవల అని పేరు. కానీ ఆ కాలపు మనుషులు నల్లవారిని ఏ మాటతో పిలిచేవారో, ఆ మాట పుస్తకం పొడవునా ఉన్నది. దానిని మేము ఈ వేదిక మీద పలకము. ఇంగ్లీషులో 'ఎన్' అక్షరంతో మొదలవుతుంది, మీలో చాలామందికి తెలిసినదే.

ఒకనాడు ఉపాధ్యాయురాలు బిగ్గరగా చదువుతుండగా ఆ మాట వచ్చిందట. తరగతిలో నల్లజాతి పిల్ల ఒక్కతే ఉన్నది. తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. ఆ పిల్ల పుస్తకంలోంచి తల ఎత్తలేదు. ఉపాధ్యాయురాలు ఆగకుండా చదువుకుంటూ పోయారు. ఫోనులో ఇదంతా చెప్పి మా మనవరాలు కాసేపు మౌనంగా ఉండిపోయింది. తర్వాత అన్నది: "దాదా, అప్పుడు నేను కూడా ఆమె వైపే చూశాను."

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మేము ఆరో తరగతిలో ఉండగా చరిత్ర పాఠం చెబుతూ మా అయ్యవారు తురకల దండయాత్ర అన్నప్పుడు నలభై తలలు మా బెంచీ వైపు తిరిగాయి. ఆ బెంచీ మీద మేమిద్దరమే సాయిబుల పిల్లలం. అయ్యవారు చెడ్డవారు కారు. ఫీజు కట్టలేకపోతే తన జేబులోంచి కట్టిన మనిషి. ఆయన పాఠం చదువుకుంటూ పోయారు, అంతే. ఇంటర్వెల్‌లో యుద్ధం ఆట మొదలైంది. శత్రు సైన్యం ఎవరో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ ఆటలో ప్రతి రోజూ ఓడిపోవడం మా వంతు. గెలవబోతే దెబ్బలు పడేవి.

అందుచేత, ఇటువంటి పుస్తకం తీసివేయండని అడిగే తల్లిదండ్రులను తెలివి తక్కువ వారనో, సాహిత్యం తెలియని వారనో అనే పండితులతో మేము ఏకీభవించము. వారు ఆ బెంచీ మీద కూర్చోలేదు.

ఇక ఈ వివాదంలో అందరికన్న ఎక్కువగా చర్చకు వచ్చిన పుస్తకం మార్క్ ట్వేన్ 'హకల్‌బెరీ ఫిన్'. నండూరి రామమోహనరావు గారి అనువాదం పుణ్యమా అని మన తరం వారికి ఆ కుర్రవాడు పరిచయస్తుడే. బానిసత్వం నుంచి పారిపోయిన జిమ్ అనే నల్లజాతి మనిషి, తాగుబోతు తండ్రి నుంచి పారిపోయిన హక్ అనే తెల్లజాతి పిల్లవాడు, ఇద్దరూ ఒక తెప్ప మీద మిసిసిపీ నదిలో ప్రయాణిస్తారు. తెలుగులో చదివినప్పుడు మాకు నది కనిపించింది, తెప్ప కనిపించింది, ఆకలి కనిపించింది. ఆ మాట మాత్రం తగల్లేదు. మన భాషలో 'నీగ్రో' అనేది అప్పట్లో పత్రికలలో మామూలుగా రాసే మాట. మూలంలో ఆ తిట్టు 200 సార్లకు పైగా ఉన్నదని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. తగలవలసిన వారికి మాత్రమే తగిలే మాటలు ఉంటాయి. 'తురక' అన్నది కూడా చాలామందికి ఒక జాతి పేరు మాత్రమే. అందులో అంత ఏముందండీ అని మమ్మల్ని ఆఫీసులో ఎంతోమంది నిజాయితీగానే అడిగారు.

ఈ పుస్తకం చరిత్రలో ఒక విచిత్రం గమనించండి. 1885లో అమెరికాలో విడుదలైన కొద్ది వారాలకే మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ ఊరి గ్రంథాలయం దానిని నిషేధించింది. నల్లవారిని తిట్టినందుకు కాదు. మోటు భాష ఉన్నదని, పిల్లలకు మర్యాద నేర్పదని. ఇక జాతి విషయం మీద ప్రధానమైన అభ్యంతరం ఎప్పుడు వచ్చింది? 1957లో న్యూయార్కు నగర విద్యామండలి చిన్న తరగతుల పాఠ్యపుస్తకాల జాబితా నుంచి దానిని తప్పించినప్పుడు. అంటే డెబ్బై ఏళ్ళు గడిచాక. కారణం ఊహించడం కష్టం కాదు. తెల్ల పిల్లలకు, నల్ల పిల్లలకు వేరువేరు బడులు రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది 1954లో. అంతవరకు దక్షిణాదిలో తెల్ల పిల్లల తరగతిలో ఆ మాట చదివితే తిరిగి చూడడానికి అక్కడ నల్ల పిల్లవాడే లేడు. ఇద్దరూ ఒకే గదిలో కూర్చోవలసి వచ్చిన తరువాతనే పుస్తకం సమస్య అయింది. పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు. గది మారింది.

ట్వేన్ ఆ మాటను ఎందుకు వాడాడన్నది కూడా చూడాలి. హక్ తండ్రి వంటి నికృష్టుడు ఒకచోట, ఒహాయో నుంచి వచ్చిన ఒక నల్లజాతి ప్రొఫెసరును చూసి రగిలిపోతాడు. ఆయన బానిస కాడు, స్వతంత్రుడు, అనేక భాషలు వచ్చినవాడు, తన రాష్ట్రంలో ఓటున్నవాడు. చొక్కా సరిగా లేని ఈ తాగుబోతు ఆయనను ఆ మాటతో తిడతాడు. మరొకచోట, పడవలో ప్రమాదం జరిగిందని హక్ ఒక కల్పిత కథ చెబుతాడు. ఎవరికైనా దెబ్బ తగిలిందా అని ఒక దయగల ఇల్లాలు అడిగితే, ఎవరికీ లేదు, ఒక నల్లవాడు చచ్చాడంతే అన్న అర్థం వచ్చే జవాబు ఇస్తాడు. అదృష్టం బాగుంది, ఒక్కోసారి మనుషులకు కూడా దెబ్బలు తగులుతాయి అని ఆమె సంతోషిస్తుంది. మంచి ఉపాధ్యాయుడు అక్కడ పుస్తకం మూసి పావుగంట మాట్లాడాలి. మాట్లాడితే ఆ రెండు వాక్యాలు చేసే పని పది ఉపన్యాసాలు చేయలేవు. మాట్లాడకపోతే వెనుక బెంచీలో ఎవరో నవ్వుతారు. ఆ నవ్వు ఎవరికి వినిపించాలో వారికి వినిపిస్తుంది.

ట్వేన్‌ను పూర్తిగా వెనకేసుకు రావడం లేదు మేము. చివరి అధ్యాయాలలో టామ్ సాయర్ ప్రవేశించి, బంధించబడి ఉన్న జిమ్‌ను విడిపించే పనిని పిల్లల ఆటగా మారుస్తాడు. అతనికి ముందే స్వేచ్ఛ లభించిందని తెలిసి కూడా దాచిపెట్టి ఆడిస్తాడు. అంతవరకు మనిషిగా నిలబడిన జిమ్ అక్కడ ఆటబొమ్మ అవుతాడు. చదివేటప్పుడు మాకు కోపం వచ్చింది. 'మాకింగ్‌బర్డ్'లోనూ అటువంటి లోటే ఉన్నది. కూతురు ఆ మాట వాడితే అది నాసిరకం మాట, అనకు అంటాడు అటికస్. నాసిరకం అంటాడు గాని, అది వినేవారికి ఎట్లా ఉంటుందో చెప్పడు. కథంతా తెల్ల పిల్ల కళ్ళతో, వీరుడు తెల్ల వకీలు. బోనులో నిలబడిన టామ్ రాబిన్సన్ గురించి మనకు తెలిసేది ఎంత? అన్యాయానికి గురికావడం తప్ప ఆ నవలలో తనకు వేరే పాత్ర లేదని ఒక నల్లజాతి పిల్ల అంటే ఆమెను తప్పుపట్టలేము.

ఈ కారణం చేతనే మిన్నసోటా రాష్ట్రంలోని డులూత్‌లో 2018లో ఈ రెండు నవలలను తప్పనిసరి పాఠ్యాంశాల నుంచి తప్పించారు. గ్రంథాలయంలో ఉంచారు, చదవదలచిన వారు చదవవచ్చు. దీనిని నిషేధం అనడం అన్యాయం. తరగతిలో అందరూ తప్పనిసరిగా చదవవలసిన పుస్తకాలు ఏడాదికి నాలుగైదు. వాటిలో చోటు ఇవ్వకపోవడం వేరు, అలమర నుంచి తీసి దాచడం వేరు. ఈ తేడాను మన వాళ్ళు కూడా గుర్తుపెట్టుకోవాలి. పాఠం మార్చమని ఎవరైనా అడగగానే భావప్రకటనా స్వేచ్ఛ పోయిందని గుండెలు బాదుకునే వారు మన మధ్య కూడా ఉన్నారు.

అయితే తొలగించే అధికారం ఒకసారి బల్ల మీదికి వచ్చాక అది ఎవరి చేతిలోకి పోతుందన్న ప్రశ్న ఉన్నది. కాలిఫోర్నియాలోని బర్బాంక్‌లో 2020లో నల్లజాతి తల్లిదండ్రులు ఫిర్యాదు చేయగా ఐదు నవలల బోధన నిలిపివేశారు. వాటిలో ట్వేన్, హార్పర్ లీలతో పాటు మిల్డ్రెడ్ టేలర్ రాసిన 'రోల్ ఆఫ్ థండర్, హియర్ మై క్రై' కూడా ఉన్నది. టేలర్ స్వయంగా నల్లజాతి రచయిత్రి. ఆ నవల తన జాతి వారి భూమి గురించి, ఆత్మాభిమానం గురించి రాసినది. అందులోనూ ఆ తిట్టు ఉన్నది, ఎందుకంటే తిన్నవారే రాశారు. మాట ఉన్నదా లేదా అని మాత్రమే చూస్తే తిట్టినవాడి పుస్తకం, తిట్లు తిన్నవాడి పుస్తకం ఒకే గోనెలో పడతాయి. ఇక గత కొన్నేళ్ళుగా అమెరికాలో పాఠశాలల నుంచి తొలగించమని పదే పదే ఫిర్యాదులు వస్తున్న పుస్తకాలలో టోనీ మోరిసన్ 'ది బ్లూయెస్ట్ ఐ' ఒకటి. ఫిర్యాదు చేసేవారు వేరు, కారణాలు వేరు, పనిముట్టు మాత్రం అదే.

ఆ టోనీ మోరిసన్ 1996లో 'హకల్‌బెరీ ఫిన్'కు ఒక పీఠిక రాశారు. చిన్నప్పుడు ఆ పుస్తకం చదివి భయపడ్డానని, బడిలో మళ్ళీ చదివినప్పుడు ఇబ్బంది తగ్గలేదని ఆమె దాచకుండా చెప్పారు. అయినా దానిని బడి నుంచి తీసివేయాలన్న ప్రయత్నం పెద్దలను ఊరడించడానికే గాని పిల్లలకు చదువు చెప్పడానికి కాదని ఆమె అభిప్రాయం. గాయపడిన వ్యక్తే ఈ మాట అన్నప్పుడు మేము ఆగి వినాలనుకున్నాము.

మధ్యేమార్గం ఒకటి ఉన్నది కదా, మాట మార్చి అచ్చు వేయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. 2011లో అలన్ గ్రిబెన్ అనే ఆచార్యుడు అలాగే చేశారు. ఆ తిట్టు ఉన్న చోటల్లా 'బానిస' అన్న మాట పెట్టి ఒక ప్రతి వెలువరించారు. పిల్లలు నొచ్చుకోకుండా చదువుతారని ఆయన సదుద్దేశం. కానీ ఇందాక చెప్పిన ఒహాయో ప్రొఫెసరు సంగతి చూడండి. ఆయన స్వతంత్రుడు, అందుకే కదా ఆ తాగుబోతుకు మంట! అక్కడ బానిస అనగానే సంగతే తారుమారవుతుంది. బానిస అన్నది ఒక స్థితి, చట్టం మారితే పోతుంది. తిట్టు అట్లా పోదు. మేము కార్యాలయంలో చేరిన కొత్తలో మా సూపరింటెండెంటు గారు నేర్పిన మొదటి పాఠం, ఫైలులో తప్పు కాగితం ఉన్నా సరే చించకూడదు, దాని మీద కొట్టివేసి కొత్తది రాయకూడదు. పక్కన నోటు రాసి, సంతకం చేసి, తేదీ వేయాలి. తరువాత వచ్చేవాడికి తప్పు ఏమిటో, ఎవరు పట్టుకున్నారో రెండూ కనిపించాలి.

అబూజర్ (రజి) గారి వృత్తాంతం మీకు తెలిసినదే. ఆయన ఒక వ్యక్తిని తల్లి పేరు ఎత్తి దూషించారు. ఆ వ్యక్తి హజ్రత్ బిలాల్ అని, నల్లని తల్లి కొడుకు అన్నదే ఆ దూషణ అని వ్యాఖ్యాతలు చెబుతారు. నీలో ఇంకా అజ్ఞాన కాలపు లక్షణం మిగిలి ఉన్నదని ప్రవక్త (స) మందలించారు. అబూజర్ గొప్ప సహచరులు గదా, ఈ సంగతి దాచేద్దామని హదీసు సేకర్తలు అనుకోలేదు. దూషణ, మందలింపు రెండూ జతగా మన దాకా వచ్చాయి. మన మదరసాలలో పిల్లలకు ఆ రెండింటినీ కలిపే చెబుతారు. మందలింపు వదిలేసి దూషణ మాత్రమే చదివి వినిపించే ఉస్తాదును మనం ఒక్క రోజు కూడా ఉంచము.

ఇప్పుడు మా కలం ఎందుకు ఆగిందో చెబుతాము. అరిజోనాలోని టెంపే పట్టణంలో ఒక నల్లజాతి విద్యార్థిని తల్లి 1990లలో పాఠశాల మీద కోర్టుకు వెళ్ళారు. తొమ్మిదో తరగతిలో 'హకల్‌బెరీ ఫిన్', ఫాక్‌నర్ కథ ఒకటి తప్పనిసరి చేశారు. అవి చదివించడం మొదలైన తరువాత తోటి పిల్లలు తన కూతురిని, ఇతర నల్లజాతి పిల్లలను ఆ మాటతో పిలవడం పెరిగిందని, ఫిర్యాదు చేసినా పాఠశాల పట్టించుకోలేదని ఆమె ఆరోపణ. 1998లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పు రెండు భాగాలు. పుస్తకాన్ని పాఠ్యాంశాల నుంచి తీసివేయమని మేము ఆజ్ఞాపించము, అట్లా చేస్తే ఇతర విద్యార్థుల హక్కు దెబ్బతింటుంది అన్నది మొదటిది. ఇక రెండోది: పిల్లలను జాతి పేరుతో వేధిస్తున్నారని తెలిసి కూడా పాఠశాల చేతులు కట్టుకు కూర్చుంటే, 1964 నాటి పౌరహక్కుల చట్టం కింద అది జవాబు చెప్పుకోవలసిందే. ఆ భాగాన్ని కింది కోర్టు కొట్టివేయడం తప్పని, తిరిగి విచారించమని పంపింది.

పత్రికలలో ఎక్కువగా మొదటి భాగమే వస్తుంది, తల్లి ఓడిందని. రెండో భాగం చదివిన వారికి ఆమె ఏమి గెలుచుకున్నదో తెలుస్తుంది. పుస్తకానికి రక్షణ ఉన్నది. ఆ పుస్తకం చేతిలో పట్టుకున్న బడికి మాత్రం ఆ రక్షణ వర్తించదు. అది ఏమి చేసిందో చెప్పాలి. మా చిత్తుప్రతిలో పుస్తకం మీద మూడు వాక్యాలు ఉన్నాయి, బడి మీద ఒక్కటీ లేదు. అందుకని ఆ కాగితం పక్కన పెట్టాము.

మా ఇంటికి వచ్చిన ఆ తల్లిని అప్పుడు ఒక ప్రశ్న అడిగాము. అమ్మా, కథ చదివిన రోజు ఏం జరిగింది? ఆమె చెప్పింది. బిడ్డను ఆ రోజు నుంచి ఇద్దరు పిల్లలు కథలోని మాటతోనే పిలుస్తున్నారు. తరగతి ఉపాధ్యాయురాలికి చెబితే, కథే కదమ్మా, పిల్లలన్నాక మామూలే అన్నారట. బిడ్డ వారం రోజులుగా మధ్యాహ్న భోజనం డబ్బా తెరవకుండానే ఇంటికి తెస్తున్నది. ఇదంతా వారు రాయమన్న అర్జీలో లేదు. కథ పేరు, పేజీ సంఖ్య మాత్రమే ఉన్నాయి.

ఇక్కడ ఒక మాట మన ఇళ్ళ గురించి కూడా చెప్పుకోవాలి, తప్పదు. హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అన్న పేట పేరు నిజాం కొలువులోని ఆఫ్రికా అశ్వదళం మూలంగా వచ్చినది. ఆ సైనికుల సంతతి వారు ఇప్పటికీ ఆ ప్రాంతంలో ఉన్నారు, మనతో పాటు నమాజు చేస్తారు. మరి మన ఇళ్ళలో కాస్త నల్లగా పుట్టిన బిడ్డను 'హబ్షీ' అని వెక్కిరించడం లేదా? పెళ్ళిచూపులలో ఆ మాట విన్న అమ్మాయిలు ఈ గదిలోనే ఉన్నారని మాకు తెలుసు. ఇంతకు మించి చెప్పము.

సరే, కొత్త అర్జీ రాశాము. కథను తీసివేయమని అడగలేదు. ఆ బిడ్డను ఏ తేదీలలో ఏ మాటతో పిలిచారో, ఎవరికి ఫిర్యాదు చేశారో, వారు ఏమన్నారో వరుసగా రాశాము. దాని మీద తీసుకున్న చర్య లిఖితపూర్వకంగా తెలియజేయాలని అడిగాము. ఇకమీదట ఆ కథ చెప్పేటప్పుడు ఆ తిట్టును బిగ్గరగా పలకనక్కర లేదని, ఆ పాత్ర ఎందుకు అట్లా మాట్లాడుతుందో ముందే చెప్పాలని, మీ వాళ్ళ అభిప్రాయం ఏమిటని తరగతిలోని ఒక్క ముస్లిం బిడ్డను లేపి నిలబెట్టవద్దని కోరాము. ఆ కథతో పాటు మన వారు రాసినది ఒకటి చదివించమని, 'వతన్' సంకలనంలోంచి ఏదైనా ఒక కథ వారే ఎంచుకోవచ్చని రాశాము. అమెరికాలో ఇదే పని ఒక నవల చేసింది. పెర్సివల్ ఎవరెట్ అనే నల్లజాతి రచయిత 2024లో 'జేమ్స్' రాశారు. అదే నది, అదే తెప్ప, కానీ కథ చెప్పేది జిమ్. 2025లో పులిట్జర్ వచ్చింది. ట్వేన్ పుస్తకం చదివినవారే దాని బలం పూర్తిగా గ్రహించగలరు. మా మనవరాలికి ఒక ప్రతి కొనిపెట్టమని కొడుక్కి చెప్పాము. తను చదివాక ఆ కిటికీ పక్క పిల్లకు ఇస్తానన్నది. ఆ రోజు చూసినందుకు క్షమాపణ అడిగావా అని మేము అడగలేదు. ఆమే చెబుతుంది.

అర్జీ మీద మూడు సంతకాలే ఉన్నాయి. ఒక తండ్రి, ఇందులో పస లేదు, తీసివేయమని అడగాల్సిందేనని సంతకం పెట్టలేదు. ఆయన ఇక్కడే ఉన్నారు. ఆయన కోపాన్ని మేము గౌరవిస్తున్నాము. బడి వారు మాట వినకపోతే ఆయన చెప్పినట్టే మరో అర్జీ రాసిపెడతామని మాట కూడా ఇచ్చాము.

పోయిన సోమవారం పాఠశాల కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకున్నాము. తేదీ ఉన్నది, ముద్ర ఉన్నది, ఇన్‌వార్డు సంఖ్య ఉన్నది. పదిహేను రోజుల గడువు అడిగాము. ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయి. ఆ రోజు మాతో పాటు రావడానికి ఇద్దరు తల్లులు కావాలి. బిడ్డ తల్లి ఒక్కతే ఆ గదిలో కూర్చుంటే తలలన్నీ ఆమె వైపే తిరుగుతాయి. రాగలిగినవారు వెళ్ళే ముందు ఈ నోటుపుస్తకంలో పేరు రాయండి. ఇక స్కాలర్‌షిప్ కాగితాలు తీయండి, ఆదాయ ధ్రువపత్రాలు ఎవరెవరికి రాలేదో ముందు చూద్దాము.